సంచి అని ఎవరన్నారు?

మా తమ్ముడి కూతురు బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మొదటి సంవత్సరంలోనే అనాటమీ, ఫిజియాలజీ ఇంగ్లీషులో వచ్చి మీద పడ్డాయి. దసరా సెలవులకు మా ఇంటికి వచ్చి, ఇటుకంత పుస్తకం నా వొళ్ళో పెట్టి, "అత్తా, నువ్వు తెలుగు లెక్చరర్‌వి కదా, ఈ మాటలకి పక్కన తెలుగు రాసిపెట్టవా? అర్థం తెలిస్తే బట్టీ పట్టక్కర్లేదు" అంది.

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. ప్రబంధ నాయికను కొప్పు నుంచి కాలిగోరు దాకా విడదీసి, ప్రతిపదార్థ తాత్పర్యాలతో కొన్ని వందలమంది పిల్లలకు అప్పగించాను. వుందో లేదో తెలియని నడుము, జక్కవల్లాంటి స్తనాలు, అరటిబోదెల్లాంటి తొడలు. ఆడపిల్లలు తల వంచుకునేవాళ్ళు, మగపిల్లలు ఇకిలించేవాళ్ళు, నేను గొంతు మార్చకుండా తర్వాతి పద్యానికి వెళ్ళిపోయేదాన్ని. స్త్రీ శరీరాన్ని అంత వివరంగా బోధించిన నన్ను మా మేనకోడలు "కాలేయం ఏ పక్కనుంటుంది అత్తా?" అని అడిగితే నా చెయ్యి ఎడమ పక్కకు పోయింది. అది కుడి పక్కన, పక్కటెముకల కింద వుంటుంది. నేను చెప్పిన పద్యాల్లో శరీరానికి పైతోలు తప్ప లోపలనేది లేదు.

పది రోజులు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మొదట్లో పని హాయిగా సాగింది. ఎముకలకు, కండరాలకు మాటలు వెతుక్కోనక్కర్లేదు. ధమని, సిర, క్లోమం, ప్లీహం, పీయూష గ్రంథి - 1968లో తెలుగు అకాడమీ పెట్టిన దగ్గర్నుంచి పాఠ్యపుస్తకాల కోసం ఎవరెవరో కూర్చుని స్థిరపరచిన మాటలు చాలానే వున్నాయి. పెద్దవాళ్ళకు 206 ఎముకలుంటాయనీ, పుట్టినప్పుడు అంతకంటే ఎక్కువుండి పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుపోతాయనీ చదివి, ఎదగడమంటే కలిసిపోవడం కూడానా అనుకున్నాను. చిన్నప్పుడు "మంచి రక్తం, చెడు రక్తం" అని చదువుకున్నది నిజానికి ప్రాణవాయువు నిండిన రక్తం, తగ్గిన రక్తం అని తెలుసుకున్నాను. రక్తంలో మంచీ చెడూ లేవు. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు యాభై ఎనిమిదేళ్ళు పట్టింది.

అయితే సాహిత్యం చదివిన బుద్ధి ఊరికే వుండదు. నాలుగో రోజుకి ఆ పుస్తకాన్ని కథ చదివినట్టు చదవడం మొదలుపెట్టాను. ఇందులో నాయకుడెవరు? ఎవరికి మొహముంది, ఎవరికి లేదు? వెనక్కి తిరగేసి బొమ్మలు లెక్కపెట్టాను. అస్థిపంజరం, కండరాలు, రక్తప్రసరణ, నాడీమండలం - అన్నిట్లోనూ నిలబడి వున్నది మగమనిషి. స్తనం గురించి చెప్పేచోట తప్ప చివరి అధ్యాయం దాకా స్త్రీ రాలేదు. చివర్లో వచ్చినప్పుడు కూడా నడుం దగ్గర, తొడల దగ్గర కోసేసి, పక్కకు తిప్పి, తలా కాళ్ళూ లేకుండా వచ్చింది. మనిషికి గుండె, మెదడు, వెన్నెముక వుంటాయి. స్త్రీకి గర్భాశయం వుంటుంది. పుస్తకం ఎక్కడా ఈ మాట అనదు, బొమ్మల వరస అంటుంది.

ఇది ఆ ఒక్క పుస్తకం చేసిన తప్పు కాదు, పాత అలవాటు. ఆధునిక శరీరశాస్త్రానికి మొదలుగా చెప్పే వెసాలియస్ గ్రంథం 1543లో బాసెల్‌లో అచ్చయింది. అప్పటిదాకా గేలన్ కోతుల్నీ పందుల్నీ కోసి రాసినదాన్ని వైద్యులు మనిషి శరీరమని నమ్మేవారు. వెసాలియస్ మనిషి శవాన్ని తనే కోసి, చూసింది రాశాడు. అది నిజంగా సాహసమే. కానీ ఆ పుస్తకం ముఖచిత్రం చూడండి. బల్లమీద పొట్ట తెరిచిన స్త్రీ శవం, చుట్టూ కిక్కిరిసిన మగవాళ్ళు, మధ్యలో వెసాలియస్. లోపలి పేజీల్లో కండరాలు చూపించే బొమ్మలున్నాయి. అక్కడ చర్మం ఒలిచిన మగమనిషి కొండలూ వూళ్ళూ కనిపించే నేపథ్యంలో ఠీవిగా నిలబడి వుంటాడు. చచ్చిపోయినా అతని కాళ్ళ కింద నేల వుంది. ఆమె కింద బల్ల వుంది. ఉన్నది ఉన్నట్టు చూడమని లోకానికి చెప్పిన ఆ మనిషే స్త్రీ జననాంగాన్ని తిరగేసిన పురుషాంగంలా గీశాడు. కళ్ళముందున్న శరీరం కంటే తలలో వున్న సిద్ధాంతం బలంగా కనిపించిందన్నమాట.

అస్థిపంజరం సంగతి ఇంకా విచిత్రం. ఎముకలకు సిగ్గూ ఎగ్గూ వుండవు కదా, అక్కడైనా పక్షపాతం వుండదనుకున్నాను. చరిత్రకారిణి లోండా షీబింగర్ రాసింది చదివాక ఆ భ్రమ పోయింది. 18వ శతాబ్దంలో యూరప్‌లో స్త్రీ అస్థిపంజరాన్ని విడిగా గీయడం మొదలైంది. 1759లో పారిస్‌లో అచ్చయిన ఒక బొమ్మలో స్త్రీ పుర్రె చిన్నది, కటి వెడల్పు, పక్కటెముకల గూడు సన్నం. 1796లో జర్మనీలో సోమరింగ్ మరో బొమ్మ వేయించాడు. అందులో స్త్రీ పుర్రె దేహంతో పోలిస్తే చిన్నదిగా లేదు. రెండింట్లో చాలామంది పండితులకు మొదటిదే నచ్చింది. తర్వాత జాన్ బార్‌క్లే అనే ఎడిన్‌బరో వైద్యుడు ఇంకో అడుగు ముందుకు వేసి, మగ అస్థిపంజరం పక్కన గుర్రాన్నీ, ఆడ అస్థిపంజరం పక్కన నిప్పుకోడినీ నిలబెట్టాడు. చిన్న తల, పెద్ద నడుం కదా. ఇందులో నన్ను ఆపేసిన విషయం వేరే వుంది. పారిస్ బొమ్మను దగ్గరుండి గీయించింది మదాం తిరూ దార్కొన్‌విల్ అనే స్త్రీ. తన పేరు బయటపెట్టకుండా, ఒక మగ వైద్యుడి పేరు చాటున ప్రచురించింది. చేసేది స్త్రీ అయినంత మాత్రాన చూపు స్త్రీది కాదని మనం సాహిత్యంలో ఎన్నిసార్లు అనుకోలేదు! ఎముకల్లోనూ అంతే.

ఇక చివరి అధ్యాయం. పెన్సిలు అక్కడ ఆగిపోయింది.

ముందు ఇంగ్లీషు మాటల సంగతి. అండం ప్రయాణించే నాళానికి ఫలోపియో పేరు, అండం పెరిగే పుటికకు ద గ్రాఫ్ పేరు, యోని ముఖం దగ్గరి గ్రంథులకు బార్తోలిన్ పేరు, గర్భాశయం వెనక వున్న కాస్త ఖాళీకి డగ్లస్ పేరు. సముద్రంలో దీవులు కనిపెట్టిన నావికులు జెండాలు పాతుకున్నట్టుంది. యోనికి లాటిన్ నుంచి వచ్చిన మాటకు కత్తి ఒర అని అర్థం. బాహ్య జననాంగాలకు వాడిన మరో లాటిన్ మాట సిగ్గుపడవలసినది అనే అర్థంలోంచి వచ్చింది. అంతర్జాతీయ శరీరశాస్త్ర పదావళి దాన్ని స్త్రీ అవయవం పేరుగా తీసేసింది 2019లో. అక్కడి నాడికి మాత్రం ఆ సిగ్గు ఇంకా అంటుకునే వుంది.

వాళ్ళను ఎత్తిపొడవడం సులువు. తెలుగు రాయవలసింది నేను. ఏ మాటలు నా పెన్సిలుకు వెంటనే అందాయో చూసుకుంటే నాకే భయం వేసింది. అన్నిటికంటే ముందు, తడుముకోకుండా వచ్చిన మాట "కన్నెపొర". ఎంత అచ్చతెలుగు! అది శ్లేష్మపొర మడత. ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా వుంటుంది. దాన్ని చూసి ఎవరి గతాన్నీ చెప్పలేరు. శరీరంలో అంత చిన్న పొరకు మనం పెట్టుకున్న పేరు దాని ఆకారాన్నీ చెప్పదు, పనినీ చెప్పదు. ఒక కాపలాను చెబుతుంది. అత్యాచార బాధితులకు రెండువేళ్ళ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద బాధ్యుల్ని చేయాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పవలసి వచ్చింది. ఆ వేళ్ళ వెనక ఈ పేరు లేదా?

రెండోది "బహిష్టు". రాశాక చూస్తే అది శరీరంలో జరిగేదానికి పేరు కాదు. ఆ నాలుగు రోజులు ఆడది ఎక్కడుండాలో చెప్పే మాట. బయటున్నాను, బయట చేరాను, దూరమున్నాను - అన్నీ చోటు పేర్లే. గర్భాశయపు లోపొర నెలనెలా మందమై, గర్భం రాకపోతే హార్మోన్లు తగ్గి రాలిపోతుందనే సంగతి ఏ మాటలోనూ లేదు.

మూడోది "వీర్యం". నిఘంటువు తీస్తే పరాక్రమం అని వుంది. ఒక స్రావానికి శౌర్యమని పేరు పెట్టుకున్న భాషలో అండం ఇంకేం చేస్తుంది, ఎదురుచూస్తుంది. 1991లో ఎమిలీ మార్టిన్ అమెరికన్ వైద్య పాఠ్యపుస్తకాల్ని ఇలాగే చదివి, వాటిలో శుక్రకణం వీరుడిలా దండెత్తడం, అండం రాకుమారిలా కాచుకుని వుండడం ఎత్తిచూపింది. ప్రయోగశాలల్లో అప్పటికే వేరే సంగతి తెలిసింది. శుక్రకణం తోక కదలికలో ముందుకు పొడిచే బలం చాలా తక్కువ, పక్కలకు కొట్టుకోవడమే ఎక్కువ. అండమూ శుక్రకణమూ ఒకదాన్నొకటి పట్టుకునేది ఉపరితలాల మీదున్న అణువులతో. సంగతి తెలిసినా కథనం మారలేదు. మన దగ్గర ఆ కథనం ఇంకా పాతది. ఆమె క్షేత్రం, అతను బీజం. పంట ఎవరిదనేది ధర్మశాస్త్రాలే తేల్చేశాయి. ఆ నేపథ్యంలో తెలుగు పాఠ్యపుస్తకాల్లో వున్న "స్త్రీ బీజకోశం" అనే మాట చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఎవరు కూర్చారో గానీ, ఒక్క సమాసంతో విత్తనంలో మన వాటా మనకు తిరిగిచ్చారు. మాటలు మార్చుకోవచ్చనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నాలుగోచోట ఏమీ రాయలేకపోయాను. యోనిశీర్షం అని సంస్కృత సమాసం ఒకటి వుందని తెలుసు. కానీ నా జీవితంలో ఆ మాట ఏ ఆడమనిషి నోటా వినలేదు. 1998లో ఆస్ట్రేలియాలో హెలెన్ ఓకానెల్ అనే శస్త్రవైద్యురాలు శవాల్ని కోసి చూసి, పైకి కనిపించేది చిన్న భాగమేననీ, అవయవంలో ఎక్కువ భాగం లోపల విస్తరించి వుందనీ పాఠ్యపుస్తకాల్ని సరిదిద్దింది. 1844లోనే కోబెల్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వివరంగా గీసినదాన్ని తర్వాతివాళ్ళు మరిచిపోయారు. గుండెను గానీ కాలేయాన్ని గానీ ఇలా మరిచిపోవడం జరుగుతుందా? పిల్లల్ని కనడానికి పనికిరాని అవయవం కాబట్టి మరుపు వచ్చింది. మా మేనకోడలి పుస్తకంలో ఆ ఒక్క మార్జిన్ ఖాళీగా వదిలాను.

అయిదోది గర్భాశయం. పక్కన చిన్న అక్షరాలతో "గర్భసంచి, పిల్లసంచి" అని కూడా రాశాను, వూళ్ళో అందరూ అనేది అదే కదా అని. ఆ అమ్మాయి చూసి, "సంచేంటత్తా? ఇది మజిల్ కదా" అంది.

నేను ఆగిపోయాను. నా కళ్ళముందుకు మా అక్క వచ్చింది.

1994లో మా అక్కకు ముప్పై ఏళ్ళు. ఇద్దరు పిల్లలు, ట్యూబెక్టమీ అయిపోయింది. మిరపతోటలో వంగి పనిచేసి నడుం నొప్పి, తెల్లబట్ట. వూళ్ళో ఆర్ఎంపీ టౌనుకు తీసుకెళ్ళాడు. అక్కడ స్కానింగ్ తీసి, "పిల్లసంచి పుండయింది, వుంచితే కాన్సరవుద్ది, పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకమ్మా ఆ సంచి" అన్నారు. చెవికమ్మలూ, ఆ ఏటి కౌలుకని దాచిన డబ్బూ పోయాయి. అక్క అందరికీ అదే మాట చెప్పేది, కాస్త వేళాకోళంగా కూడా, "ఖాళీ సంచి, తీయించేసుకున్నా, నెలనెలా గొడవ పోయింది" అని. నాకప్పటికి ఎం.ఏ. వుంది, ఉద్యోగం వుంది. స్త్రీవాద కవిత్వం మీద వ్యాసాలు రాస్తున్నాను. నేనూ "పోనీలే అక్కా, పీడ వదిలింది" అన్నాను.

నలభై ఒకటో ఏట వాకిట్లో జారిపడితే మణికట్టు విరిగింది. తర్వాత నడుం వంగింది. వొళ్ళంతా ఆవిర్లని ఎన్నో ఏళ్ళు రాత్రుళ్ళు నిద్రపోలేదు. పని ఎక్కువై అరిగిపోయిందనుకున్నాం.

అక్క పెట్టెలో ఆ ఆపరేషన్ కాగితం ఇంకా వుంది. పసుపు తిరిగిన అర ఠావు. మేనకోడలికి చూపించాను. అందులో రోగనిర్ధారణ అనే గడిలో ఒక్క ముక్క. కింద "టీఏహెచ్ విత్ బీఎస్ఓ". పది రోజుల ముందైతే ఆ అమ్మాయీ చదవలేకపోయేది. ఇప్పుడు చివరి అధ్యాయం అయింది. వేలు పెట్టి చదివింది. "మొదటి మూడక్షరాలు గర్భాశయం మొత్తం పొట్ట కోసి తీశారని అత్తా. తర్వాతి మూడు..." అని ఆగింది. "రెండు నాళాలు, రెండు స్త్రీ బీజకోశాలు కూడా తీసేశారని. పెద్దత్తకి తెలుసా?"

అక్కకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. శ్లేషలు, ద్వ్యర్థి కావ్యాలు విప్పి చెప్పిన నేను మా అక్క శరీరం మీద రాసిన ఆరక్షరాల్ని ఏళ్ళ తరబడి చదవలేకపోయాను.

ఆ పుస్తకం ఆ రాత్రి మళ్ళీ చదివాను, ఈసారి పెన్సిలు లేకుండా. గర్భాశయం సంచి కాదు. మామూలుగా ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, అరవై గ్రాముల లోపు బరువు వున్న గట్టి కండరం. నెలలు నిండేసరికి దాదాపు కిలో అవుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. సంచి సాగుతుందేమో గానీ నొప్పులు తీసి బిడ్డను బయటికి తోయలేదు. అది కటిలో వొంటరిగా వేలాడుతూ వుండదు. మూత్రాశయానికీ పెద్దపేగు చివరి భాగానికీ మధ్య బంధనాలతో పట్టి వుంటుంది. బీజకోశాలకు అందే రక్తంలో కొంత గర్భాశయ ధమనుల నుంచే వస్తుంది. అందుకే బీజకోశాల్ని వుంచి గర్భాశయం మాత్రమే తీసినా కొంతమందికి ముట్లు ఆగే వయసు లక్షణాలు ముందే వస్తాయి. బీజకోశాల పని అండాలివ్వడంతో అయిపోదు. వాటి ఈస్ట్రోజెన్ ఎముకల్ని కాపాడుతుంది. ముప్పై ఏళ్ళకే అవి రెండూ పోతే ఎముక సాంద్రత త్వరగా తగ్గుతుంది. పునరుత్పత్తి వ్యవస్థ, అస్థి వ్యవస్థ, రక్తప్రసరణ వ్యవస్థ అని పుస్తకం విడివిడి అధ్యాయాలు చేసింది గానీ, మా అక్క వొంట్లో పన్నెండో అధ్యాయం తీసేస్తే మూడో అధ్యాయం విరిగింది.

ఆ ఆపరేషన్ అక్కర్లేదని నేను అనడం లేదు. గడ్డలకు, ఆగని రక్తస్రావానికి, కాన్సర్‌కు అది ప్రాణం కాపాడుతుంది. కానీ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం దగ్గర. తెలుగు ఆడవాళ్ళ గర్భాశయాలకే ఇన్ని జబ్బులా? అనవసరమైన ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. డబ్బు ఆశ వుంది, ఆడకూలీకి సెలవు లేని పని వుంది, దగ్గర్లో మంచి ప్రభుత్వాసుపత్రి లేదు. ఇవన్నీ కారణాలే. వాటి పక్కన ఒక మాటను కూడా కారణంగా చేర్చమంటున్నాను. ఖాళీ అయిన సంచిని ఎవరైనా ఎందుకు దాచుకుంటారు? ఆ పేరులోనే పారేయడం వుంది. డాక్టరు ఆ మాటను కొత్తగా కల్పించలేదు. మన దగ్గర్నుంచి తీసుకుని మనకే అమ్మాడు.

ఇక్కడ మన రాతల గురించి కూడా మాట్లాడుకోవాలి. శరీర నిర్మాణాన్ని స్త్రీ తలరాతగా చేసిన ఫ్రాయిడ్ మీద కోపంతో, జీవశాస్త్రం అనగానే అనుమానంగా చూడడం నేర్చుకున్నాం. ఆ అనుమానం అవసరమే. కొండేపూడి నిర్మల "లేబర్ రూం", పాటిబండ్ల రజని "అబార్షన్ స్టేట్‌మెంట్", 1993లో వచ్చిన "నీలిమేఘాలు" సంకలనం, ఓల్గా "రాజకీయ కథలు" - అంతకుముందు సాహిత్యంలోకి రానివ్వని శరీరాన్ని ఇవన్నీ తెచ్చి నిలబెట్టాయి. ఆ కవితల్ని నేను తరగతిలో చెప్పాను, గర్వంగా చెప్పాను. కానీ శరీరానుభవం మనది, శరీరజ్ఞానం డాక్టర్లది అని ఒక పంపకం జరిగిపోయినట్టుంది. నొప్పి గురించి రాశాం, నొప్పి ఎక్కణ్ణుంచి పుడుతోందో వాళ్ళకు వదిలేశాం. సిమోన్ ద బోవా మాత్రం 1949లో "సెకండ్ సెక్స్"ను జీవశాస్త్రం అధ్యాయంతోనే మొదలుపెట్టింది. ముందు ఆ నేల మీద నడిచి, అది చాలదని తర్వాత చెప్పింది. నేను నడవకుండానే చాలదన్నాను.

మనలో నడిచినవాళ్ళు లేరని కాదు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ "ప్రసూతి - శిశుపోషణ" తెలుగులో రాసింది, ఆడవాళ్ళే చదువుకోవాలని. బోస్టన్‌లో కొందరు స్త్రీలు 1970లో న్యూస్‌ప్రింట్ మీద మొదలుపెట్టింది "అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్" అయింది. హైదరాబాద్ స్త్రీవాద బృందాల కృషిలోంచి 1991లో "సవాలక్ష సందేహాలు" వచ్చింది. 2004లో వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ ఇంగ్లీషులో "టేకింగ్ చార్జ్ ఆఫ్ అవర్ బాడీస్" తెచ్చారు. తెలుగు పుస్తకం పేరే ఒక విమర్శ. అనాటమీ గ్రంథం నిర్వచనంతో మొదలవుతుంది. ఆ శీర్షిక సందేహంతో మొదలవుతుంది. "సవాలక్ష సందేహాలు" నా బీరువాలో మొదట్నుంచీ వుంది. మా అక్క ఆపరేషన్‌కు వెళ్ళినప్పటికి అది వచ్చి మూడేళ్ళయింది. నేను దాన్ని ఉద్యమ చరిత్రగా చదివాను, అక్కకిచ్చి చదవమనలేదు. ఈ తప్పును ఏ సిద్ధాంతం మీదకీ నెట్టలేను.

ఇంకొక జ్ఞానం వుంది, ఏ పుస్తకంలోకీ ఎక్కనిది. మా వూళ్ళో పురుళ్ళు పోసిన మంత్రసాని దళిత స్త్రీ. పొట్ట మీద చెయ్యివేసి బిడ్డ తల ఎటుందో చెప్పేది. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోయడాన్ని ఆధునిక వైద్య చరిత్ర పెద్ద సాహసంగా రాసుకుంది, శవాన్ని ముట్టుకోవడం అగ్రకులాలకు మైల కాబట్టి. మైల అనుకున్న నెత్తుర్ని రోజూ ముట్టుకున్న ఆ చేతుల సాహసాన్ని ఎవరూ రాసుకోలేదు. 1858లో వచ్చిన గ్రే అనాటమీకి ఆధారమైన శవాలు లండన్ పేదలవి, ఎవరూ వచ్చి తీసుకెళ్ళని వాళ్ళవి. ఎవరి శరీరాల మీద నేర్చుకున్నారో వాళ్ళకు ఆ చదువు చేరలేదు. మా అక్క కాగితం కూడా ఆ వరసలోదే. రాసింది ఆమె గురించి, ఆమె కోసం కాదు.

సెలవులు అయిపోయేముందు అక్కను పిలిపించాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. ఇప్పుడు తెలిసి ఏం లాభం అని ఒక మనసు. ముప్పై ఏళ్ళ కిందట డాక్టరు అనుకున్నది కూడా అదే కదా అని ఇంకో మనసు. చివరికి అమ్మాయే పుస్తకం తెచ్చి అక్క ముందు పెట్టింది. తలా కాళ్ళూ లేని ఆ బొమ్మను అక్క చాలాసేపు చూసింది. "ఇది ఎవరి వొళ్ళు?" అంది ముందు. "మనదే పెద్దత్తా" అంది పిల్ల. బీజకోశాలు చూపించింది. బాదంకాయంత వుంటాయంది. అవేం చేస్తాయో చెప్పింది. అవి కూడా తీశారని చెప్పింది. అక్క ఏడవలేదు. మణికట్టు తడుముకుంది. "అయితే నేను పనిదొంగనయ్యి కాదన్నమాట" అంది. ఇంట్లో ఎవరు ఎప్పుడు అన్నారో ఆ మాట, ఇన్నాళ్ళు మోసుకు తిరిగింది.

తర్వాత అడిగింది, "మరి దాని జాగాలో ఇప్పుడేముంది?"

పుస్తకమంతా వెతికినా అలాంటి బొమ్మ లేదు. అమ్మాయి కాసేపు ఆలోచించి, "పేగులు కాస్త కిందికి జరుగుతాయి పెద్దత్తా. ఖాళీగా ఏం వుండదు" అంది. అక్క తలూపింది. పేజీ తిప్పమంది. గుండె దగ్గర ఆపి, "ఇదెట్ట కొట్టుకుంటదో చెప్పు" అంది. ఆ సాయంత్రం మూడు అధ్యాయాలు అయ్యాయి. ఎముకల అధ్యాయం దగ్గర అక్క నాకంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది. మర్నాడు ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి ఎముకల పరీక్షకు రాయించాం. కాగితం మీద రాసిన ప్రతి మాటా ఏమిటో అక్కే డాక్టరును అడిగింది.

మార్జిన్‌లో "సంచి" అన్న మాట రబ్బరుతో చెరిపేశాను. "గర్భాశయం" చాలనిపించింది గానీ అది కూడా గర్భానికి ఆశ్రయమేనని గుర్తొచ్చింది. గర్భం లేని రోజుల్లో ఆ కండరానికి పేరేమిటో ఇంకా తేల్చుకోలేదు. ఇంకొక మార్జిన్ ఖాళీగానే వుంది. మీ వూళ్ళో, మీ అమ్మమ్మల నోట, మంత్రసానుల నోట, పాటల్లో, తిట్లలో, ఎక్కడైనా దానికి సిగ్గూ బూతూ అంటని మాట విని వుంటే రాయండి. పెన్సిలుతోనే రాస్తాను.